చదువు సందేహాలు: మార్కులు లేని కార్డు చూసి కంగారు పడకండి

ఈ నెల ఒడిశా సరిహద్దు నుంచి, అంటే గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం, బరంపురం వైపు నుంచి వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. పిల్లలు ఎన్ని మార్కులు తెచ్చుకున్నారని కాకుండా ఏం చేయగలుగుతున్నారో చూసే చదువు, ఒక్కొక్కరికీ వాళ్ల వేగంలో చెప్పే చదువు. సామర్థ్యాల ఆధారిత విద్య అంటున్నారు దీన్ని. పేరు బరువుగా ఉంది గానీ లోపల ఉన్నది మన వంటింట్లో, పొలంలో, వర్క్‌షాపులో రోజూ జరిగే పనే: వచ్చేదాకా నేర్పడం. మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకు వాయిదా వేసి ఈసారి వీటికే చోటు ఇస్తున్నాం.

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మాయి గవర్నమెంట్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి. మొన్న తల్లిదండ్రుల మీటింగుకి వెళ్తే మార్కుల కార్డుతో పాటు ఇంకో కార్డు చేతిలో పెట్టారు. లెక్కల్లో ఒక్కో అంశం పక్కన 'వచ్చింది', 'వస్తోంది', 'ఇంకా రాలేదు' అని టిక్కులు. మా అమ్మాయికి నాలుగు చోట్ల 'ఇంకా రాలేదు'. మార్కులు చూస్తే వందకి 58. పాసే కదా! మరి ఈ నాలుగూ ఏంటి? మా ఆయన టెన్షన్ పడిపోయి ట్యూషన్ మార్చేద్దామంటున్నారు. (ఒక తల్లి, గుణుపురం)

జవాబు: అమ్మా, ట్యూషన్ ఇప్పుడే మార్చకండి. మీ చేతికొచ్చిన రెండు కార్డుల్లో మీకు పనికొచ్చేది ఆ రెండోదే.

58 అంటే ఏమిటో చెప్పండి చూద్దాం. ఒక అమ్మాయి బీజగణితం మొత్తం చేసేసి రేఖాగణితం ముట్టుకోకుండా వదిలేసినా 58 రావచ్చు, ఇంకో అమ్మాయి ప్రతి లెక్కా సగం దాకా చేసి ఆపేసినా 58 రావచ్చు. ఇద్దరికీ కావాల్సిన సాయం ఒకటి కాదు. కానీ కార్డు మీద ఇద్దరూ ఒకటే, ఇద్దరూ పాసే, ఇద్దరూ పదో తరగతికి వెళ్లిపోతారు. రాని 42 మార్కుల పాఠం ఎక్కడికీ పోదు. పదిలో టీచరు 'ఇది మీకు కిందటేడే వచ్చు కదా' అని మొదలుపెట్టే చోట కూర్చుని ఉంటుంది.

బెంజమిన్ బ్లూమ్ అనే అమెరికన్ విద్యావేత్త 1968లోనే ఈ మాట అన్నాడు. మన బళ్లలో టైము అందరికీ ఒకటే పెడతాం, పాఠానికి పదిహేను రోజులంటే పదిహేను రోజులే, అందుకే నేర్చుకున్నది ఒక్కొక్కరికీ ఒక్కోలా తేలుతుంది. దీన్ని తిరగేయండి, అందరూ నేర్చుకోవాల్సింది ఒకటే పెట్టి టైమూ సాయమూ అవసరాన్ని బట్టి ఇవ్వండి, అప్పుడు నూటికి 90 మందికి పైగా నేర్చుకోగలరు అని ఆయన వాదన. మన 2020 జాతీయ విద్యా విధానం కూడా బట్టీ కాకుండా సామర్థ్యాలు చూడమనే చెబుతోంది. దానికోసమే 2023లో ఎన్‌సీఈఆర్‌టీ కింద పరఖ్ అనే సంస్థను పెట్టారు, మీరు చూసినలాంటి సమగ్ర ప్రగతి పత్రాలు తయారు చేసిందీ అదే.

ఇంతకీ మీరు చేయాల్సింది. బడికి వెళ్లి ఆ నాలుగు అంశాలూ ఏవో, ఏ లెక్క ఇచ్చి 'రాలేదు' అని తేల్చారో అడగండి. ఆ కాగితం ఉంటే చూపించమనండి, మీ అమ్మాయి ఏం రాసిందో అక్కడే కనిపిస్తుంది. ఆ లెక్క ఏ భాషలో ఇచ్చారో కూడా అడగండి. మీ ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా అయితే ఈ ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం, దీని గురించి కింద జయపురం టీచరమ్మకి వివరంగా రాశాను. ఆఖరుగా, మళ్లీ ఎప్పుడు చూస్తారు, ఈలోగా ఎవరు నేర్పుతారు అని అడగండి. దీనికి జవాబు లేకపోతే ఆ కార్డు ఒట్టి కాగితమే, మొహమాటపడకుండా ఆ మాట మీటింగులోనే అనండి. 'ఇంకా రాలేదు' అని రాసినవాళ్లకి ఎలా రప్పిస్తారో చెప్పే బాధ్యత కూడా ఉంటుంది.

ప్రశ్న: ఇదంతా ఎవర్నీ ఫెయిల్ చేయకుండా పైకి తోసేయడానికి వేసిన కొత్త వేషం కాదా? మా రోజుల్లో పర్లాకిమిడి బళ్లో ఎక్కాలు రాకపోతే బెత్తం ఉండేది. అందరికీ వచ్చేవి. (ఒక రిటైర్డ్ ఉద్యోగి, పర్లాకిమిడి)

జవాబు: అయ్యా, అందరికీ వచ్చేవని ఎందుకు అనిపిస్తుందంటే, రానివాళ్లు మూడో తరగతిలోనే బడి మానేసి మేకలు కాయడానికి పోయారు కాబట్టి. మీ క్లాసు గ్రూపు ఫొటోలో వాళ్లు లేరు.

మీ అనుమానంలో మాత్రం న్యాయం ఉంది. పేరు మార్చి పని మార్చకపోవడం మనకి కొత్త కాదు. సీబీఎస్‌ఈ 2009లో నిరంతర సమగ్ర మూల్యాంకనం అని, అంటే ఒక్క పరీక్షని బట్టి కాకుండా ఏడాది పొడుగునా పిల్లల్ని చూడడం, మొదలుపెట్టి 2017లో ఎత్తేసింది. ఆలోచన మంచిదే, ఆచరణలో చాలాచోట్ల టీచర్లు ఫైళ్లు నింపారు, ప్రాజెక్టులు జిరాక్స్ షాపుల్లో తయారయ్యాయి, థర్మోకోల్ అమ్మేవాళ్లు బాగుపడ్డారు. కానీ అందరినీ పాస్ చేయడమూ ఈ సామర్థ్యాల చదువూ ఒకటి కావు, నిజానికి ఒకదానికొకటి వ్యతిరేకం. అందులో నేర్చుకున్నా నేర్చుకోకపోయినా క్యాలెండరు తోసుకుపోతుంది. ఇందులో రానిది రాలేదని పేరు పెట్టి రాయాలి, వచ్చేదాకా వదలకూడదు. సరిగ్గా చేస్తే బెత్తం కన్నా ఇదే కఠినం, టీచరుకి కూడా.

ప్రశ్న: మా అన్నయ్య కూతురు అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో పబ్లిక్ హైస్కూల్లో చదువుతోంది. దాని రిపోర్టులో మార్కులు లేవు, 1 నుంచి 4 దాకా అంకెలు ఉన్నాయి. లెక్కల్లో 3 వచ్చింది. నాలుగుకి మూడంటే 75 శాతమే కదా, మనవాళ్ల పిల్ల ఇంత వెనకబడిందేంటని అన్నయ్యని అడిగితే నవ్వాడు. అక్కడ ఇది బాగా నడుస్తోందా? మన దగ్గర పెడితే నడుస్తుందా? (ఒక పాఠకుడు, బరంపురం)

జవాబు: మీ అన్నయ్య నవ్వడం సబబే. అలాంటి స్కేలులో 3 అంటే మామూలుగా 'ఈ తరగతికి రావాల్సింది వచ్చింది' అని అర్థం. 4 అంటే దాన్ని దాటి వెళ్లింది, 2 అంటే దారిలో ఉంది. దాన్ని శాతంలోకి మార్చడం కుదరదు. మార్చాలనిపించడం మన అలవాటు, అక్కడి తల్లిదండ్రులకీ అదే అలవాటు, గొడవంతా అక్కడే మొదలైంది.

అసలు వాళ్ల హైస్కూల్ లెక్క ఎలా ఉండేదంటే, ఒక సబ్జెక్టులో ఏడాదికి ఇన్ని గంటలు కూర్చుంటే ఒక యూనిట్. దీన్ని కార్నెగీ యూనిట్ అంటారు, సుమారు 120 గంటలు. 1906 నాటి సంగతి. తమాషా ఏమిటంటే ఇది పిల్లల చదువు కోసం పుట్టింది కాదు. కార్నెగీ ఫౌండేషన్ కాలేజీ ప్రొఫెసర్లకి పెన్షన్ ఇస్తానంది, ఏ కాలేజీకి ఇవ్వాలో తేల్చడానికి, మీరు చేర్చుకునే పిల్లలు హైస్కూల్లో ఇన్ని యూనిట్లు చేసి ఉండాలి అని షరతు పెట్టింది. పెన్షన్ కోసం పెట్టిన కొలత వందేళ్లు పిల్లల్ని కొలిచింది. ఇప్పుడు ఆ ఫౌండేషనే దాన్ని దాటి పోవాలంటోంది.

న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం ముందుగా కదిలింది. 2005లో నిబంధన మార్చి, 2008-09 కల్లా హైస్కూళ్లు క్రెడిట్లు, అంటే ఆ యూనిట్లు, గంటల్ని బట్టి కాకుండా నేర్చుకున్నదాన్ని బట్టి ఇవ్వాలంది. మీ అన్నయ్య కూతురు ఉన్న మెయిన్ ఇంకా గట్టిగా పట్టుకుంది, 2012లో చట్టమే చేసింది: ఎనిమిది విషయాల్లో ప్రావీణ్యం చూపిస్తేనే డిప్లొమా, అంటే హైస్కూలు పూర్తి చేసిన పట్టా. తీరా అమలుకొచ్చేసరికి ప్రావీణ్యం అంటే ఏమిటో ఒక్కో స్కూలు జిల్లా (అక్కడ ఒక ప్రాంతపు బళ్లని నడిపే సంస్థ) ఒక్కోలా చెప్పింది, టీచర్లకి తగినంత తర్ఫీదు అందలేదు, ఈ అంకెలు చూసి కాలేజీలు ఏమంటాయోనని తల్లిదండ్రులు బెంగపడ్డారు. ఆ ప్రాంతపు కాలేజీలు చాలావరకు 'ఇలాంటి రిపోర్టుల వల్ల ఎవరికీ నష్టం జరగదు' అని ప్రకటించినా బెంగ తీరలేదు. 2018లో ఆ తప్పనిసరిని ఎత్తేసి, కావాల్సిన జిల్లాలు నడుపుకోవచ్చన్నారు. మీ అన్నయ్య కూతురి బడి నడుపుకుంటున్న రకం అన్నమాట.

మన దగ్గర నడుస్తుందా అంటే, మెయిన్ రాష్ట్రంలో క్లాసుకి ఎంతమంది ఉంటారో, మన రాయగడ జిల్లాలో ఎంతమంది ఉంటారో మీకు తెలుసు. చట్టం చేసి ఒకేసారి రాష్ట్రమంతా రుద్దితే వాళ్లకే కుదరలేదు. ఒక బడి, ఒక సబ్జెక్టు, ఒక టీచరు దగ్గర మొదలైతే కుదురుతుంది. కింది ఉత్తరం అలాంటి టీచరుదే.

ప్రశ్న: సర్, నేను జయపురం దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతాను. 54 మంది పిల్లలు. నలభై నిమిషాల పీరియడ్. ట్రైనింగులో ప్రతి పిల్లవాడి స్థాయిని గుర్తించి దానికి తగ్గట్టు బోధించండి అన్నారు, భోజనం పెట్టి పంపించారు. సిలబస్ అవ్వాలి, పదిలో బోర్డు పరీక్ష ఉంది. కొందరికి భిన్నాలే రావు. మనిషన్నవాళ్లు చేయగలిగే పనేనా ఇది? (ఒక ఉపాధ్యాయిని, జయపురం)

జవాబు: టీచరమ్మా, 54 మందికి 54 పాఠాలు చెప్పమంటే అది ఎవరివల్లా కాదు, చెప్పమన్నవాళ్ల వల్ల అసలే కాదు. అలా అడిగితే వదిలేయండి. కానీ చేయగలిగేది ఒకటుంది, దానికి కొత్త సామాను అక్కర్లేదు.

పిల్లల్ని మార్కుల్ని బట్టి కాకుండా తప్పుల్ని బట్టి విడదీయండి. ఒక ఉదాహరణ చెబుతాను. 'ఒక సంఖ్యలోంచి 3 తీసేసి, వచ్చినదాన్ని రెట్టింపు చేస్తే 10 అవుతుంది, ఆ సంఖ్య ఏది?' అని ఒడియాలో బోర్డు మీద రాశారనుకోండి. ఒక కుర్రాడు 2(x−3)=10 అని సరిగ్గానే పెట్టి, తర్వాత 2x−3=10 అని రాసి, x = 13/2 తెస్తాడు. ఇతనికి సమీకరణం వచ్చు, బ్రాకెట్ విప్పడం రాదు. రెండో అమ్మాయి బ్రాకెట్ సరిగ్గా విప్పి 2x−6=10 అని రాసి, 6ని అవతలికి పంపేటప్పుడు గుర్తు మార్చకుండా 2x=4, x=2 అంటుంది. మూడోవాడు ఏమీ రాయడు. ఖాళీ. వాణ్ణి దగ్గరికి పిలిచి వాడి భాషలో, తెలుగో దేశియానో కువియో, నోటితో ఇదే లెక్క అడగండి. ఒక్క క్షణం ఆలోచించి 'ఎనిమిది' అంటాడు.

ముగ్గురికీ పేపర్లో సున్నాయే. ముగ్గురినీ 'వీక్' అని ఒకే బెంచీలో కూర్చోబెట్టి సమీకరణాల పాఠం మళ్లీ మొదటినుంచి చెబితే ముగ్గురిలో ఎవరికీ ఉపయోగం లేదు. మొదటివాడికి బ్రాకెట్ల మీద పది నిమిషాలు చాలు. రెండో అమ్మాయికి రెండు వైపులా 6 కలపడం అంటే ఏంటో చూపించాలి, 'అవతలికి వెళ్తే గుర్తు మారుతుంది' అనే మంత్రం మానేయాలి. మూడోవాడికి లెక్కే వచ్చు, ప్రశ్న చదవడం రాదు. మన సరిహద్దు బళ్లలో ఈ మూడోవాళ్లే ఎక్కువ, కార్డుల్లో 'ఇంకా రాలేదు' అని తప్పుగా పడేదీ వాళ్లకే. సామర్థ్యం చూస్తున్నాం అని చెప్పుకునే ఏ పద్ధతైనా ముందు ఈ తేడా పట్టుకోవాలి, లెక్క రాలేదా, లెక్క వేసుకొచ్చిన భాష రాలేదా. పట్టుకోకపోతే పాత మార్కుల కన్నా ఇదే ఎక్కువ అన్యాయం చేస్తుంది, ఎందుకంటే మార్కులు తక్కువొచ్చాయని మాత్రమే అంటాయి, ఇది 'వీడికి ఇది చేతకాదు' అని పేరుపెట్టి రాస్తుంది.

ఒడిశాలో గిరిజన పిల్లలకి వాళ్ల మాతృభాషల్లో చెప్పే కార్యక్రమం 2006-07 నుంచీ ఉంది, సవర, కువి లాంటి భాషలతో సహా. అయితే అది చిన్న తరగతులకే. హైస్కూలు గేటు దాటాక ఒడియా ఒక్కటే. ఇంకా వెనక్కి వెళ్తే, గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర నేర్చుకుని, సవర పిల్లల కోసం వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బళ్లు నడిపారు. అంత పని మిమ్మల్ని చేయమనడం లేదు. వారానికోసారి ఆ ఖాళీ కాగితం పిల్లల్ని నోటితో అడగండి చాలు. మీకు వాళ్ల భాష రాకపోతే, వచ్చిన ఇంకో పిల్లని దుబాసీగా కూర్చోబెట్టుకోండి.

ఇక టైము సంగతి. రోజూ వద్దు. వారంలో రెండు పీరియడ్లు దీనికి పెట్టండి, మిగతావి సిలబస్‌కే. అన్ని అంశాలూ పెట్టుకోకండి. తొమ్మిదిలో మిగతావన్నీ దేని మీద ఆధారపడతాయో అవి చూసుకోండి: భిన్నాలు, రుణ సంఖ్యలు, బ్రాకెట్లు, నిష్పత్తి, ఒక ప్రశ్నని సమీకరణంగా రాయడం. ఒక్కోదానికి ఐదు చిన్న లెక్కల చీటీ. చీటీలు ఇంటికి తీసుకెళ్లి దిద్దాల్సిన పని లేదు, ఒకే రకం తప్పు ఉన్నవన్నీ ఒక దొంతర, అంతే, పావుగంట పని. మర్నాడు ఆ దొంతరలే గుంపులు. వచ్చేసినవాళ్లు కొంచెం కష్టమైన లెక్క చేస్తారు, వాళ్లలో ఇద్దరు ముగ్గురు కింది గుంపులో కూర్చుంటారు. పది రోజుల తర్వాత అంకెలు మార్చి అదే చీటీ మళ్లీ. ఎవరికి ఏది ఏ తారీఖున వచ్చిందో ఒక నోట్‌బుక్కులో రాసుకోండి, మార్కు వేయొద్దు. గుంపులు మాత్రం పాఠానికి పాఠానికి మారాలి. భిన్నాల దగ్గర వెనకున్న పిల్ల నిష్పత్తి దగ్గర ముందుండొచ్చు. మారకపోతే రెండు నెలల్లో అది 'మొద్దుల బెంచీ' అయిపోతుంది, ఆ పేరు పిల్లలే పెడతారు.

వయసుని బట్టి కాకుండా స్థాయిని బట్టి గుంపులు చేయడం ప్రథమ్ సంస్థ ఎన్నో ఏళ్లుగా చిన్న తరగతుల్లో చేయిస్తున్నదే. మదనపల్లి దగ్గర రిషీవ్యాలీ వాళ్లు పల్లె బళ్ల కోసం చేసిన కార్డుల పద్ధతిలో కూడా ప్రతి పిల్లా నిచ్చెన మీద తన మెట్టు తనే చూసుకుని కార్డు తీసుకుంటుంది. 2003లో చెన్నై కార్పొరేషన్ బళ్లు దాన్ని అందిపుచ్చుకున్నాయి. అవి ప్రాథమిక బళ్లు, మీది హైస్కూలు, బోర్డు పరీక్ష నెత్తి మీద ఉంది, కాబట్టి అంతా అలాగే దించేయలేరు. ఆ రెండు పీరియడ్లు మాత్రం ఎవరొచ్చి అడిగినా వదలకండి.

ప్రశ్న: మా అబ్బాయి ఆదర్శ విద్యాలయంలో తొమ్మిది చదువుతున్నాడు, సీబీఎస్‌ఈ. పుస్తకంలో లేని ప్రశ్నలు ఇస్తున్నారు సార్. ఫార్ములాలన్నీ అప్పజెప్తాడు, పేపర్లో తెల్లమొహం వేస్తాడు. ఏ గైడు కొనమంటారు? (ఒక తండ్రి, రాయగడ)

జవాబు: ఏదీ కొనకండి. పుస్తకంలో లేని ప్రశ్నల కోసం ఇంకో పుస్తకం కొంటే ఆ ప్రశ్నలూ పుస్తకంలోవే అయిపోతాయి.

2023-24 నుంచి సీబీఎస్‌ఈ 9, 10 తరగతుల పేపర్లలో సగం ప్రశ్నలు సామర్థ్యాల మీదే. అంటే ఎలా ఉంటాయో ఒకటి రాస్తున్నాను, ఈ రాత్రి మీ అబ్బాయి ముందు పెట్టండి. 'ఒక వీధిలో స్తూపాకారపు నీళ్ల ట్యాంకు ఉంది. లోపలి వ్యాసం 1.4 మీటర్లు, ఎత్తు 2 మీటర్లు. మనిషికి రోజుకి 55 లీటర్లు ఇవ్వాలి. వీధిలో 14 ఇళ్లు, ఇంటికి నలుగురు. నిండు ట్యాంకు ఒక రోజుకి సరిపోతుందా? ఒక ఇంటికి ఇద్దరు చుట్టాలొస్తే?' ఆ 55 లీటర్లు నేను కల్పించింది కాదు, ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ లెక్కే.

వ్యాసార్ధం 0.7, ఘనపరిమాణం 22/7 × 0.49 × 2 = 3.08 ఘనపు మీటర్లు, అంటే 3080 లీటర్లు. 55తో భాగిస్తే సరిగ్గా 56 మంది. 14 ఇళ్లకి నలుగురంటే 56. చుట్టాలొస్తే 110 లీటర్లు తక్కువ. చూశారా, ఫార్ములా ఒక్క లైనే. మిగతా పని అంతా వ్యాసాన్ని సగం చేయాలని గుర్తు రావడం, ఘనపు మీటరుకి వెయ్యి లీటర్లని తెలియడం, ఏది దేనితో భాగించాలో తేల్చుకోవడం. మీ అబ్బాయి ఎక్కడ ఆగాడో పక్కన కూర్చుని చూడండి, జవాబు చెప్పకండి. ఇంగ్లీషులో చదవగానే ఆగిపోయి, మీరు తెలుగులో చెప్పగానే చేసేస్తే వాడికి లెక్కల ట్యూషన్ అక్కర్లేదు, రోజూ పావుగంట ఇంగ్లీషు ప్రశ్నలు చదివి 'ఇక్కడ ఏం అడిగారు' అని తెలుగులో చెప్పించడం చాలు. తెలుగులో చెప్పినా ఆగితే, వ్యాసం దగ్గర ఆగాడా లీటర్ల దగ్గర ఆగాడా చూసి బళ్లో సార్‌కి ఆ ముక్క చెప్పండి. 'మావాడు లెక్కల్లో వీక్' అని చెప్తే సార్ ఏం చేయగలడు?

ప్రశ్న: పాతపట్నంలో మా చెల్లెలి గుంటడికి ఆంధ్రా గవర్నమెంటు ఎనిమిదిలో ట్యాబ్ ఇచ్చింది. నది దాటితే మా పర్లాకిమిడి, మా గుంటలకి ఏమీ లేదు. పర్సనలైజ్డ్ లెర్నింగ్ అంటే ట్యాబేనట కదా. నేనే ఒకటి అప్పు చేసి కొనేయనా? (ఒక ఆటో డ్రైవరు, పర్లాకిమిడి)

జవాబు: అప్పు చేయొద్దు బాబూ. 2022 డిసెంబరులో ఆంధ్రలో ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబులిచ్చిన మాట నిజమే. కానీ ట్యాబులో అందరికీ ఒకే వీడియో వస్తుంటే అది బోర్డు మీద చెప్పే పాఠమే, బోర్డు చిన్నదైంది అంతే. ఒక్కొక్కరికీ తగినట్టు అనాలంటే పిల్లవాడు తప్పు చేసినప్పుడు తర్వాతి ప్రశ్న మారాలి.

అలా మారే సాఫ్ట్‌వేర్ ఒకదాని మీద ఢిల్లీలో గట్టి పరిశోధన జరిగింది. మైండ్‌స్పార్క్ దాని పేరు. కార్తీక్ మురళీధరన్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు 619 మంది పిల్లల్ని లాటరీ తీసి విడదీసి చూశారు, ఫలితాలు 2019లో అచ్చయ్యాయి. అక్కడ ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకున్నారు. నాలుగున్నర నెలలు సాయంత్రాలు సెంటరుకి వెళ్లినవాళ్లు, వెళ్లనివాళ్లకన్నా లెక్కల్లో దాదాపు రెట్టింపు ముందుకెళ్లారు. ఇంత బాగుంటే ఇక కొనడమే కదా అంటారు. ఆగండి. ఆ సెంటర్లో సగం టైమే కంప్యూటరు, మిగతా సగం చిన్న గుంపులో మనిషి కూర్చుని చెప్పేవాడు. ఇంకో సంగతి, బళ్లో తరగతి స్థాయి లెక్కల పరీక్షలో ఆ పిల్లల మార్కులు చెప్పుకోదగ్గంత పెరగలేదు. ఎందుకంటే ఆరులో ఉన్నవాడు మూడో తరగతి నుంచి ఐదో తరగతికి ఎక్కితే ఆరో తరగతి పేపరుకి అది కనబడదు. మార్కులు పెరగలేదని మానిపించేస్తే వాడు ఎక్కిన మెట్లు వృథా.

ట్యాబ్ డబ్బులు ఉంచండి. మీ పిల్లలు ఏ తరగతి లెక్క దాకా గబగబా చేస్తున్నారో పాత పుస్తకాలు తెచ్చి మీ అపార్ట్‌మెంట్‌లోనో వీధిలోనో ఉన్న కాలేజీ కుర్రాడితో ఒక సాయంత్రం చూపించండి. ఎనిమిదిలో ఉన్నవాడు ఐదో తరగతి పుస్తకం దగ్గర ఆగితే అక్కణ్ణుంచి మొదలుపెట్టించండి. ఒడిశా బళ్లలో కూడా వెనకబడినవాళ్ల కోసం ఉజ్జ్వల్, ఉత్థాన్ పేర్లతో ఇలాంటి బోధన పెట్టారు. మీ బళ్లో ఇప్పుడు అలాంటిది ఏమైనా నడుస్తోందా, మీవాడు అందులో ఉన్నాడా అని హెడ్మాస్టర్ని అడగండి. మీ ఆటో స్టాండ్‌లో ఇంకో నలుగురిని వెంటబెట్టుకుని వెళ్లి అడిగితే ఇంకా బాగుంటుంది.

ప్రశ్న: సార్, నేను పదో తరగతి. ఫస్ట్ లాంగ్వేజి తెలుగే గానీ లెక్కలు ఒడియాలో రాయాలి. మా ఇంట్లో కిరాణా కొట్టు, లెక్కలు నోటితో చేసేస్తాను. పేపర్లో ప్రశ్న అర్థం కాదు. ఫ్రెండ్స్ నవ్వుతారని క్లాసులో అడగను. (ఒక విద్యార్థి, కాశీనగర్)

జవాబు: బాబూ, నీకు లెక్కలొచ్చు, ముందు అది గట్టిగా నమ్ము. నీకు కావాల్సింది మహా అయితే వంద మాటలు. పాత బోర్డు పేపర్లు సంపాదించి, ప్రశ్నల్లో మళ్లీ మళ్లీ వచ్చే మాటలన్నీ ఒక చిన్న పుస్తకంలో రాసుకో. సుధ అంటే నీ కొట్లో వడ్డీ, మూళధన అంటే అసలు, శతకడా అంటే శాతం, హారాహారి అంటే సగటు. ఇలా ఒక పక్క ఒడియా, ఒక పక్క నువ్వు కొట్లో వాడే మాట. నీ లెక్కల సార్‌ని క్లాసులో అడగక్కర్లేదు, ఇంటర్వెల్‌లో వెళ్లి 'ప్రశ్న ఒకసారి నోటితో చదివి వినిపించండి సార్, నేను చేస్తాను' అను. చేసి చూపించు. ఆయనకి నీ కష్టం ఎక్కడుందో అప్పుడే తెలుస్తుంది. ఒడియా బాగా వచ్చి లెక్కలు రాని ఫ్రెండు ఒకడు ఉండే ఉంటాడు, వాడు ప్రశ్న చదివిపెట్టాలి, నువ్వు చేసే దారి చెప్పాలి, బేరం కుదుర్చుకో.

కొలతల పాఠంలో మాత్రం ఎక్కువ జాగ్రత్త, నీలాంటివాళ్లు అక్కడే మార్కులు పోగొట్టుకుంటారు. పరిసీమా అంటే చుట్టుకొలత, క్షేత్రఫళ అంటే వైశాల్యం, ఆయతన అంటే ఘనపరిమాణం. ప్రశ్నలో ఆ మాట కింద గీత గీసి, లెక్క మొదలుపెట్టకముందే జవాబు రాయాల్సిన చోట సెం.మీ., చదరపు సెం.మీ., ఘనపు సెం.మీ. వీటిలో ఏది రావాలో రాసిపెట్టుకో. తర్వాత లెక్క చేయి.